కంచ గచ్చిబౌలిలో విధ్వంసాన్ని, విద్యార్థులపై బలప్రయోగాన్ని ఖండిస్తున్నాం

హైదరాబాద్, 2025 ఏప్రిల్ 24

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తూర్పు క్యాంపస్ పక్కన, కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25లోని 400 ఎకరాల్లోకి మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, పదులకొద్దీ యంత్రాలను తోలి చెట్లు కూల్చడాన్ని, అడ్డుపడిన విద్యార్థులను ఈడ్చుకెళ్ళి పోలీసు వ్యాన్లలో ఎక్కించడాన్ని మా అధ్యాపక సంఘం తీవ్రంగా ఖండిస్తోంది. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్నవాళ్ళు, చెప్పి రిటైరైనవాళ్ళు ఈ సంఘంలో ఉన్నారు. మాలో కొందరు ఆ క్యాంపస్‌లోనే చదువుకున్నారు. మరికొందరి పిల్లలు ఇప్పుడు అక్కడ చదువుతున్నారు.

సుప్రీంకోర్టు పనులు ఆపించి మూడు వారాలైంది కదా, ఇప్పుడీ ఖండన ఎందుకని మా సభ్యుల్లోనే కొందరు అడిగారు. కోర్టు ఆపింది యంత్రాలను. వాటిని పంపించిన వాదన మాత్రం సచివాలయంలో, టీవీ చర్చల్లో, అధికార పార్టీ ప్రెస్‌మీట్లలో చెక్కుచెదరకుండా తిరుగుతోంది. భూమి సర్కారుది, పత్రాలు సర్కారు దగ్గరున్నాయి, చదువుకోవడానికి వచ్చినవాళ్ళు చదువుకుని పోవాలిగానీ ఈ గొడవలో మీకేం పని అన్నదే ఆ వాదన. మా అభ్యంతరం ముందు దీనితోనే.

పత్రాల సంగతి దాచాల్సిన అవసరం మాకు లేదు. యాభై ఏళ్ళ కింద విశ్వవిద్యాలయానికి సుమారు 2,300 ఎకరాలు చూపించారు, ప్రహరీ కట్టుకున్నారు, హాస్టళ్ళు లేచాయి. అంత భూమిని విశ్వవిద్యాలయం పేరిట రాసిచ్చిన కాగితం మాత్రం లేదు. రెవెన్యూ రికార్డుల్లో ఈ సర్వే నంబరు ఇప్పటికీ సర్కారీ కంచగానే ఉంది. 2003లో నాటి చంద్రబాబు నాయుడు ప్రభుత్వం క్రీడా అకాడమీల పేరుతో ఐఎంజీ భారత అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2004 ఎన్నికలకు ముందు ఎకరం 50 వేల చొప్పున ఈ 400 ఎకరాలను దానికి కట్టబెట్టింది. అందుకోసం విశ్వవిద్యాలయం దగ్గర 534 ఎకరాలు వెనక్కి తీసుకుని, బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామని ప్రభుత్వం చెబుతోంది. 2006లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది, కంపెనీ హైకోర్టుకెక్కింది. పద్దెనిమిదేళ్ళు నడిచిన ఆ వ్యాజ్యంలో 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టు, మేలో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పాయి. ఆ తర్వాత భూమిని రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు అప్పగించారు.

ఈ వరసలో ఒక్క అడుగు గురించి ఆలోచించాలి. ఒక ప్రైవేటు కంపెనీకి అడ్డగోలు ధరకు అమ్మడం తప్పని కదా 2006లో రద్దు చేసింది? ప్రజల ఆస్తి కాపాడామని కదా కోర్టుల్లో అన్నేళ్ళు వాదించింది? గెలిచిన ఏడాది తిరక్కుండానే అదే భూమిని వేలానికి పెట్టడానికి చదును చేశారు. కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య నడిచిన వ్యాజ్యంలో వచ్చిన తీర్పును పట్టుకుని, అందులో పక్షం కాని విశ్వవిద్యాలయానికి ఒక్క అంగుళం మీదా మాట లేదని చెప్పడం న్యాయం కాదు. 2024 జూలైలో విశ్వవిద్యాలయ అధికారుల సమక్షంలోనే సర్వే చేసి హద్దులు తేల్చామని పారిశ్రామిక సంస్థ ప్రకటిస్తే, అలాంటి సర్వే ఏదీ జరగలేదని విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ మార్చి 31న లిఖితపూర్వకంగా ఖండించారు. ఇద్దరిలో ఒకరి మాట అబద్ధం. ఎవరిదో తేలకముందే యంత్రాలు దిగాయి.

పత్రం లేదన్నవాళ్ళు అసలు ఈ విశ్వవిద్యాలయం ఎందుకు పుట్టిందో కూడా చదవాలి. 1969లో ఉస్మానియా విద్యార్థులు స్థానికులకు దక్కాల్సిన ముల్కీ ఉద్యోగాల కోసం, ప్రత్యేక తెలంగాణ కోసం రోడ్డెక్కారు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే అటు కోస్తా, రాయలసీమల్లో కాలేజీలు మూతపడ్డాయి, జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దిగిపోవాల్సి వచ్చింది, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో ఒక సూత్రం, హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం. రాజ్యాంగానికి 32వ సవరణ చేసి 371-ఇ అధికరణం చేర్చింది ఇందుకోసమే. దేశంలో ఇన్ని విశ్వవిద్యాలయాలున్నాయి, రెండు ప్రాంతాల విద్యార్థుల ఆందోళనకు పరిష్కారంగా, ప్రత్యేకంగా రాజ్యాంగంలో ఒక అధికరణం రాయించుకుని పుట్టినవి ఎన్నున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అంటే ఆ భూమి దానంగా వచ్చింది కాదు. ఒక కోర్టు తీర్పు రాజేసిన నిప్పును ఆర్పడానికి రాష్ట్రం, కేంద్రం కలిసి ప్రజలకిచ్చిన మాటలో అది భాగం. మాటిచ్చినవాళ్ళే రిజిస్ట్రేషన్ చేయకుండా వదిలేసి, యాభై ఏళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ ఎక్కడుందని అడగడం ఏం నీతి? అప్పు తీసుకున్నవాడు నోటు రాయలేదు కనుక బాకీ లేదన్నట్టుంది.

పి.వి. పేరు వచ్చింది కనుక ఒక మాట. 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా పరిధిలోని కాలేజీల నుంచి విద్యార్థులను వెళ్ళగొట్టారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్ళను చేర్చుకుంది. పి.వి. వాళ్ళలో ఒకరు. చదువు మానేసి గొడవలకు దిగారని ఆ రోజు నిజాం సర్కారు అధికారులు అనుకున్నవాళ్ళలో ఒకరు తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు, విద్యార్థుల ఉద్యమానికే ఆ పదవి పోగొట్టుకున్నారు, ఆపైన దేశానికి ప్రధాని అయ్యారు. విద్యార్థుల మీద లాఠీ ఎత్తేముందు ఏ ప్రభుత్వమైనా, అందులోనూ కాంగ్రెస్ ప్రభుత్వం, ఈ కథను ఒకసారి తలచుకోవాల్సింది.

ఇక మార్చి చివర జరిగిందేమిటి? 29 శనివారం, 30 ఆదివారం ఉగాది, 31 రంజాన్. కోర్టులకు సెలవు, ఆఫీసులకు సెలవు. ఆ వరస సెలవులు చూసుకునే యంత్రాలు దింపారు, రాత్రిళ్ళు ఫ్లడ్‌లైట్లు పెట్టి మరీ నడిపించారు. హాస్టల్ గదుల్లోకి చెట్లు విరుగుతున్న చప్పుడు, నెమళ్ళ అరుపులు వినిపించాయని విద్యార్థులు చెప్పారు. పండగ పూట పచ్చడి తినాల్సిన పిల్లలు 50 మందికి పైగా పోలీస్ స్టేషన్లలో కూర్చున్నారు. ఇద్దరిని జైలుకు పంపారు. ఏప్రిల్ 2న క్యాంపస్‌లో మళ్ళీ లాఠీలు లేచాయి. కూల్చే పని చట్టబద్ధమైనదే అయితే పండగ రాత్రి ఎందుకు చేయాలి? సోమవారం పోయి మంగళవారం వస్తే కొంప మునుగుతుందా?

ఏప్రిల్ 2న హైకోర్టు పనులు ఆపమంది. మర్నాడు సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం తనంతట తానే కేసు చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రార్‌ను వెంటనే అక్కడికి వెళ్ళి చూసి రమ్మంది. అదే రోజు అందిన నివేదికలో ఉన్నది క్లుప్తంగా ఇదీ: సుమారు 100 ఎకరాల్లో చెట్లు నేలకూలాయి, భారీ యంత్రాలు పనిలో ఉన్నాయి, నెమళ్ళు, జింకలు కనిపించాయి. పర్యావరణ ప్రభావ అధ్యయనం చేశారా, చెట్లు కొట్టడానికి అనుమతి ఉందా, అంత తొందరేమొచ్చింది అని ధర్మాసనం ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని అడిగింది. ఏప్రిల్ 16న ఆ 100 ఎకరాలను మళ్ళీ ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళిక తెమ్మంది. తేలేకపోతే అధికారులకు అక్కడి చెరువు దగ్గరే తాత్కాలిక జైలు కట్టించాల్సి వస్తుందన్నంత దూరం వెళ్ళింది. వన్యప్రాణుల రక్షణకు తక్షణం చర్యలు తీసుకోమంది.

ఇక్కడ భూమి ఎవరిదన్న ప్రశ్న అసలు అడ్డు రాదు. 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, నిఘంటువులో అడవి అంటే ఏమిటో ఆ అర్థానికి సరిపోయే ప్రతి నేలా చట్టం దృష్టిలో అడవే, యజమాని ఎవరన్నదానితో పనిలేదు. అలాంటి నేలలను గుర్తించడానికి నిపుణుల కమిటీలు వేయాలని ఈ ఏడాది మార్చి 4న అదే కోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. తెలంగాణ మార్చి 15న కమిటీ వేసింది. ఆ కమిటీ కంచ గచ్చిబౌలి అడవా కాదా అని చూసేలోపు, రెండు వారాలకే, చూడటానికి ఏమీ మిగలకుండా చేసే పని మొదలైంది. దీన్ని మేం పొరపాటని అనలేం.

అక్కడ పులులు లేవు, జింకలు లేవు, అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలున్నాయన్న అర్థంలో ముఖ్యమంత్రి శాసనసభలో మాట్లాడారు. న్యాయాధికారి కళ్ళారా చూసిన జింకలకు ఆయన ఇప్పుడు సమాధానం చెప్పాలి. నక్కలన్నది విద్యార్థులను కాదని, ప్రతిపక్షాన్నని తర్వాత సర్ది చెప్పుకోవచ్చు. సభలో ఆ మాట పడ్డాక క్యాంపస్ గేటు దగ్గర కానిస్టేబుల్‌కు మాత్రం విద్యార్థిలో నక్కే కనిపిస్తుంది.

బొమ్మల గొడవ గురించి కూడా మా వైఖరి స్పష్టం. బుల్డోజర్ల ముందు జింకలు పరుగెత్తుతున్నట్టు, నెమళ్ళు ఏడుస్తున్నట్టు కృత్రిమ మేధతో తయారు చేసిన చిత్రాలు సోషల్ మీడియాలో తిరిగాయి. అవి తప్పు. నిజం చేతిలో ఉండగా అబద్ధపు బొమ్మ ఎందుకు పెట్టాలి? అయితే ఆ బొమ్మలు పట్టుకుని అసలు విధ్వంసమే కల్పితమన్నట్టు ప్రచారం చేయడం, వాటిని షేర్ చేసినవాళ్ళ మీద కేసులు పెట్టడం, చివరికి ఒక ఐఏఎస్ అధికారికి సైతం పోలీసులు నోటీసివ్వడం ఇంకా పెద్ద తప్పు. వంద ఎకరాలు కూల్చినవాళ్ళ పేర్లు ఇంకా బయటికి రాలేదు. బొమ్మ పంచుకున్నవాళ్ళు స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నారు.

ఆ కంచలో ఏముందని అడిగేవాళ్ళు హైదరాబాద్‌లోనే చాలామంది ఉన్నారు, వాళ్ళను మేం తప్పుపట్టం, ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్ళకు అది గోడ అవతలి పొదలు మాత్రమే. అక్కడ కోట్ల ఏళ్ళ నాటి రాతి గుట్టలున్నాయి, వాటిలో పుట్టగొడుగు ఆకారంలో నిలబడ్డ బండ ఒకటి. నెమళ్ళ చెరువు, బర్రెల చెరువు అని విద్యార్థులు పిలుచుకునే కుంటలున్నాయి. చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్ళు, ఉడుములు, చలికాలం వలస వచ్చే పక్షులు ఉన్నాయి. మురీషియా హైదరాబాదెన్సిస్ అనే సాలెపురుగును లోకానికి పరిచయం చేసింది ఈ క్యాంపసే. ఇవన్నీ విద్యార్థులు, అధ్యాపకులు ఏళ్ళ తరబడి నోటు పుస్తకాల్లో రాసుకున్నవి, ఫోటోలు తీసినవి. సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళిన ఆధారాల్లో వాళ్ళ పని ఉంది. చదువుకోవడానికి వచ్చి చదువుకుని పొమ్మన్నవాళ్ళకు మా సమాధానం ఇదే: వాళ్ళు చేసింది చదువే.

ఐదు లక్షల ఉద్యోగాలు, 50 వేల కోట్ల పెట్టుబడి అని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఉద్యోగాలు మా విద్యార్థులకే కావాలి, వాటికి మేం వ్యతిరేకులం కాదు. కాకపోతే ఆ లెక్క ఎలా వేశారో ఒక్క పేజీ నివేదిక కూడా ప్రజల ముందు పెట్టలేదు. చుట్టూ ఐటీ భవనాల్లో అద్దెకు ఖాళీగా ఉన్న అంతస్తులెన్నో నానక్‌రాంగూడ నుంచి కోకాపేట దాకా ఒకసారి తిరిగితే కనిపిస్తుంది. చెరువులను కాపాడతామని గత ఏడాది హైడ్రా అనే సంస్థ పెట్టి పేదల ఇళ్ళ మీదికి కూడా యంత్రాలు పంపిన ప్రభుత్వమే, చెరువులున్న కంచ మీదికీ అవే యంత్రాలు పంపింది.

ఇదేమీ మొదటిది కాదు. ఈ విశ్వవిద్యాలయం భూముల్లో స్టేడియానికి కొంత, బస్సు డిపోకు కొంత, టాటా పరిశోధన సంస్థకు కొంత ఇదివరకే పోయింది. 2024 జనవరిలో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం భూముల్లో 100 ఎకరాలు కొత్త హైకోర్టు భవనాలకు ఇచ్చారు. కాదన్న విద్యార్థినిని స్కూటర్ మీద వెళ్తున్న పోలీసులు జుట్టు పట్టి లాగడం రాష్ట్రమంతా వీడియోలో చూసింది. విశ్వవిద్యాలయం భూమి అంటే ఎవరూ అడగని భూమి అన్న అలవాటు అన్ని పార్టీలకూ ఉంది. అమ్మింది తెలుగుదేశం, రద్దు చేసి కూడా విశ్వవిద్యాలయం పేరిట రాయకుండా ఊరుకుంది కాంగ్రెస్, పదేళ్ళు అధికారంలో ఉండి ఒక్క సంతకం పెట్టని భారత రాష్ట్ర సమితి ఇప్పుడు విద్యార్థుల పక్కన నిలబడి ఫోటోలు దిగుతోంది. కేంద్రంలో ఉన్న పార్టీ నేతలు క్యాంపస్ గేటు దగ్గర మాత్రం గట్టిగా మాట్లాడారు. ఇది కేంద్రీయ విశ్వవిద్యాలయం. తన సంస్థ భూమి కోసం కేంద్ర విద్యాశాఖ ఇన్నేళ్ళలో ఏ కోర్టుకెళ్ళిందో వాళ్ళు చెప్పాలి.

విశ్వవిద్యాలయ పాలకవర్గాన్ని కూడా వదలలేం. నాంపల్లిలో పద్మజా నాయుడు ఇచ్చిన గోల్డెన్ త్రెషోల్డ్ ఇంట్లో మొదలైన సంస్థ అది. తెలుగు వాళ్ళకు భాషాశాస్త్రం అంటే గుర్తొచ్చే భద్రిరాజు కృష్ణమూర్తి గారు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన చోటు. అలాంటి సంస్థ తన భూమి పటాలను, 2004 నాటి మార్పిడి పత్రాలను విద్యార్థుల ముందు ఎప్పుడైనా పెట్టిందా? పోలీసులు లోపలికి వచ్చినప్పుడు ఎవరు పిలిస్తే వచ్చారో, ఎవరు అనుమతిచ్చారో ఈ రోజుకీ స్పష్టం కాలేదు.

ఈ క్యాంపస్ మరచిపోని గాయం మరొకటుంది. సస్పెండైన దళిత విద్యార్థులు 2016 జనవరిలో షాపింగ్ కాంప్లెక్స్ (షాప్‌కామ్) దగ్గర వేసుకున్న వెలివాడ ఇక్కడే ఉండేది. ఆ నెల 17న వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల మనల్ని విడిచి వెళ్ళిపోయాడు. సైన్స్ రచయిత కావాలనుకున్న ఆ అబ్బాయి మరణం దేశంలో ప్రతి విశ్వవిద్యాలయాన్ని కదిలించింది. అతని తల్లి 2019లో, బిడ్డను అలాగే పోగొట్టుకున్న మరో తల్లితో కలిసి వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టులో విశ్వవిద్యాలయాల్లో కులవివక్ష నివారణ నిబంధనల గురించి ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. రోహిత్ పేరిట చట్టం చేయమని కాంగ్రెస్ అగ్రనేత రాహుల్ గాంధీ ఈ నెలలోనే కర్ణాటక ముఖ్యమంత్రికి లేఖ రాశారు. మంచిదే, స్వాగతిస్తున్నాం. అదే పార్టీ పాలిస్తున్న రాష్ట్రంలో, అదే క్యాంపస్‌లో, రోహిత్ తర్వాతి తరం విద్యార్థుల మీద లాఠీలు విరిగిన నెల కూడా ఇదేనని ఆ లేఖ రాసినాయనకు ఎవరైనా చెప్పాలి.

ఉపముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క ఈ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థి. ఏప్రిల్ 7న విద్యార్థుల మీది కేసులు ఉపసంహరించమని ఆయన పోలీసులను ఆదేశించారు. అందుకు కృతజ్ఞతలు. కానీ నోటిమాటతో కేసు పోదు, పాస్‌పోర్టు దరఖాస్తు రోజునో, ఉద్యోగంలో చేరే ముందు పోలీసు విచారణ రోజునో మళ్ళీ తలెత్తుతుంది. ప్రతి ఎఫ్ఐఆర్ నంబరుకు ఎదురుగా కోర్టు మూసివేత ఉత్తర్వు చూపించాలి, ఆ జాబితాను విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి. చిత్రాలు పంచుకున్నవారి కేసులూ అందులో ఉండాలి.

400 ఎకరాల వేలం ఆలోచనను పూర్తిగా విరమించుకున్నామని మంత్రివర్గం తీర్మానం చేయాలి. కోర్టు ఏం చెబుతుందో చూస్తామన్న మాట చాలదు. కూల్చిన 100 ఎకరాల్లో దేశవాళీ చెట్లే నాటాలి, ఆ పని పర్యవేక్షణలో విశ్వవిద్యాలయ జీవశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు ఉండాలి. మిగిలిన క్యాంపస్ భూమి మొత్తాన్ని సర్వే చేసి విశ్వవిద్యాలయం పేరిట రిజిస్టర్ చేయాలి, దానికి గడువు చెప్పాలి. పండగ రాత్రి పనులకు ఆదేశించిన అధికారి ఎవరో, క్యాంపస్‌లోకి పోలీసులను పంపింది ఎవరో ప్రభుత్వం పేర్లతో సహా బయటపెట్టాలి.

కేసు మే 15న సుప్రీంకోర్టు ముందుకు మళ్ళీ రానుంది. ఆలోపు మా సంఘం ప్రతినిధులు ఉపముఖ్యమంత్రిని, విశ్వవిద్యాలయ పాలకవర్గాన్ని కలిసి ఈ డిమాండ్ల ప్రతులు అందజేస్తారు. రాష్ట్రంలోని అధ్యాపక, విద్యార్థి, బోధనేతర సిబ్బంది సంఘాలన్నీ తమ తమ విశ్వవిద్యాలయాల భూముల పహాణీలు, పటాలు తీయించి దగ్గర పెట్టుకోవాలని, ఒక్కో ప్రతి మాకు పంపాలని కోరుతున్నాం.

అధ్యాపక సంఘం కార్యవర్గం తరఫున
అధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి